తోరణంలో ఎల్ఈడీలు మాడకుండా ఉండాలంటే

మీ పిల్లలు సైన్స్ ఫెయిర్ కోసమో, స్కూలు వార్షికోత్సవం కోసమో ఓరుగల్లు కోటలోని కాకతీయ కళాతోరణం నమూనాను థర్మకోల్‌తో చేస్తున్నారనుకుందాం. స్తంభాల వెంట తెల్ల ఎల్ఈడీలు, పైనున్న హంసల కళ్లకు ఎర్రవి పెట్టాలి. కరెంటు 12 వోల్టుల అడాప్టర్ నుంచి వస్తుంది. మరి ఏ రెసిస్టర్ కొనాలి?

అసలు రెసిస్టర్ ఎందుకో ముందు చూద్దాం. మామూలు బల్బు చేసుకున్నట్టుగా ఎల్ఈడీ కరెంటును తనంతట తాను అదుపు చేసుకోలేదు. ఒక స్థాయి వోల్టేజీ వరకు దాదాపు వెలగదు. అది దాటాక వోల్టేజీ కొంచెం పెరిగినా కరెంటు అమాంతం పెరిగి మాడిపోతుంది. ఆ స్థాయి రంగును బట్టి ఉంటుంది: ఎరుపుకు సుమారు 2 వోల్టులు, నీలం, తెలుపులకు సుమారు 3. ఎర్ర కాంతి కన్నా నీలి కాంతికి శక్తి ఎక్కువ కావాలి. తెల్ల ఎల్ఈడీలో సాధారణంగా ఉండేది పసుపు పూత పూసిన నీలి ఎల్ఈడీయే.

ఇక లెక్క తేలికే. అడాప్టర్ వోల్టేజీలోంచి ఎల్ఈడీలు తీసుకునేది తీసేయండి. మిగిలినదాన్ని కరెంటుతో భాగించండి. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ 20 మిల్లీ ఆంపియర్ల వరకు తట్టుకుంటుంది కానీ, నమూనాకు 10 చాలు.

స్తంభాలకు మూడేసి తెల్లవాటిని వరుసగా కలిపితే 9 వోల్టులు పోతాయి, 3 మిగులుతాయి. 3ను 0.01 ఆంపియర్‌తో (అంటే 10 మిల్లీ ఆంపియర్లతో) భాగిస్తే 300 ఓంలు. అంగట్లో తేలిగ్గా దొరికేది 330. ఎప్పుడూ పై విలువే తీసుకోండి. 330 రెసిస్టర్ మీది రంగు పట్టీలు నారింజ, నారింజ, గోధుమ. హంస రెండు కళ్లకూ ఎర్రవి రెండు వరుసగా పెడితే 4 పోయి 8 మిగులుతాయి. 800 ఓంలు వస్తుంది కాబట్టి 820 వేయండి. రెండు చోట్లా రెసిస్టర్ మీద పడే భారం 0.1 వాటుకు లోపే. పావు వాటువి సరిపోతాయి.

నాలుగు తెల్లవి వరుసగా కలిపితే 12 వోల్టులూ వాటికే పోతాయి, రెసిస్టర్‌కు ఏమీ మిగలదు. వరుసలన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ వేయడమూ తప్పే. ఒకే ప్యాకెట్‌లోని ఎల్ఈడీలు కూడా అచ్చం ఒకేలా ఉండవు కనుక ఒక వరుస ఎక్కువ కరెంటు లాగేస్తుంది. వరుసకొక రెసిస్టర్ ఉండాల్సిందే.

అడాప్టర్‌ను ముందు మల్టీమీటర్‌తో చూడండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం 12 అని రాసి ఉన్నా 15 ఇవ్వవచ్చు. అప్పుడు మన తెల్ల వరుసలో 18 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, అంటే ఇంకా హద్దులోనే. 20కి లెక్కగట్టి ఉంటే హద్దు దాటిపోయేది. 10 దగ్గర ఆగమన్నది అందుకే.

ఈ లెక్క అడాప్టర్లకు, బ్యాటరీలకు మాత్రమే. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల మీద పిల్లలను ఈ ప్రయోగం చేయనివ్వకండి.