అదురును ఆపే ప్యాడ్: ఎంపిక ఎలా?

విద్యార్థులారా! కిరుమాంబాక్కంలో ఒక మేడ ఇంటిని ఊహించండి. పై అంతస్తులో వాషింగ్ మెషీన్ నిమిషానికి 1200 చుట్లు, అంటే సెకనుకు 20 చుట్లు తిరుగుతోంది. కింది గది కప్పు అదురుతోంది. ఏ రబ్బరు ప్యాడ్ వేయాలి?

మందం చూసి కొనకండి. మెషీన్ బరువుకు ప్యాడ్ ఎంత అణుగుతుందో చూడండి. 1 మిల్లీమీటరు అణిగితే సహజ పౌనఃపున్యం సుమారు 16 హెర్ట్జ్, 2.5 మిల్లీమీటర్లు అణిగితే 10 హెర్ట్జ్. యంత్రపు పౌనఃపున్యం దీనికి 1.4 రెట్లు మించితేనే నేలకు చేరే అదురు తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ మొదటి ప్యాడ్ అనునాదానికి దగ్గరై అదురును పెంచుతుంది! రెండోది దాదాపు మూడో వంతుకు తగ్గిస్తుంది.

స్పీకర్ తేలిక కనుక అదే ప్యాడ్ దాని కింద అంతగా అణగదు. ఇంకా మెత్తనిది కావాలి.

బరువు పెట్టక ముందు, పెట్టిన తరువాత ప్యాడ్ ఎత్తును కొలిచి చూడండి. ఆ తేడాయే మీకు జవాబు చెబుతుంది.