నీడయు గ్రామసంపదయే

ఇల్లు వాకిలి లేనివాని దుస్థితిని చెప్పవలసి వచ్చినప్పుడు మనము "నిలువ నీడ లేదు" అందుము. గోడలు లేవనుట లేదు, తలుపులు లేవనుట లేదు, నీడ లేదనుచున్నాము. పెద్దలు పిన్నలను దీవించునప్పుడు "చల్లగా ఉండుము" అందురు. దయగలవాని చూపును "చల్లని చూపు" అందురు. శీతలదేశముల ప్రజలు ఎండ కాసిన దినమును పండుగవలె భావించి, ఆరుబయట కూర్చుండి ఒళ్లు కాచుకొందురు. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత పుట్టిన మన దేశములో, అందును కర్నూలు, కడప సీమలలో, మనుష్యుడు ఎండకు తొలగి నీడకు చేరుట సహజము.

అయినను నీడను కోరువానిని సోమరియని ఎగతాళి చేయుట కొందరికి అలవాటు. ఇది సరికాదు. మన శరీరములోని సహజమైన వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు. చుట్టునున్న గాలి అంతకంటె వేడెక్కినప్పుడు శరీరము చల్లబడుటకు చెమట యొక్కటియే మార్గము. చెమట ఆరిపోవుచు ఒంటివేడిని తనతో తీసికొనిపోవును. నేరుగా తగులు ఎండ ఈ భారమును మరింత పెంచును. శరీరములోని నీరు తగ్గి, చెమట చాలనప్పుడు, లోపలివేడి 40 డిగ్రీలను దాటి మెదడును, మూత్రపిండములను దెబ్బతీయును. ఇదియే వడదెబ్బ. కావున మధ్యాహ్నము రెండు గడియలు చెట్టుక్రింద కూర్చున్న రైతు కాలమును వృథా చేయుటలేదు. సాయంకాలపు పనికి ప్రాణమును నిలుపుకొనుచున్నాడు.

పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయము మరియొకటి కలదు. "నేడు 42 డిగ్రీలు" అని వార్తలలో వినుచుందుము. ఆ లెక్క ఎండలో తీసినది కాదు. వాతావరణశాఖవారు ఉష్ణమాపకమునకు ఎండ తగులకుండ, గాలి మాత్రము ఆడునట్లు మరుగు కల్పించి కొలుతురు. అనగా అది నీడలోని గాలివేడి. బస్సుకొరకు బయలులో నిలిచిన ముసలమ్మ భరించు వేడి అంతకంటె ఎంతో హెచ్చు.

వేడిమి తీసిన ప్రాణములు

కర్నూలు, కడప పట్టణములలో మే నెల పగటివేడి సగటున 40 డిగ్రీల ప్రాంతమున నుండును. మైదానప్రాంతములలో వేడి 40 డిగ్రీలకు చేరి, మామూలుకంటె 4.5 డిగ్రీలు హెచ్చినను, లేక 45 డిగ్రీలను తాకినను వాతావరణశాఖవారు దానిని వడగాలిగా పరిగణింతురు. 2003వ సంవత్సరపు వేసవిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో వడగాలికి వేయిమందికి పైగా మరణించిరి. 2015వ సంవత్సరపు వేసవిలో, రాష్ట్రము విడిపోయిన తరువాత, ఒక్క ఆంధ్రప్రదేశములోనే మరల వేయిమందికి పైగా మరణించిరి. వడగాలికి ముందుగా బలియగువారు వృద్ధులు, ఆరుబయట పనిచేయు కూలీలు, నీడకు పోవుటకు వీలులేనివారు. నీడను కోరుకొనుట అందరికిని సమానమే. దానిని పొందగలుగుట సమానము కాదు. ఇందుచేతనే నీడ పంచాయతీ పని యగుచున్నది.

ఎఱ్ఱగుడి బండలు చెప్పునది

ఈ పని మన సీమకు క్రొత్తది కాదు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలములో, జొన్నగిరికి చేరువను, ఎఱ్ఱగుడి బండలపై అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడియున్నవి. అవి క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమునాటివి. ఆయన 14 ప్రధాన శిలాశాసనములును అచ్చట కలవు. వానిలో రెండవ శాసనము మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచుటను, ఓషధులను నాటించుటను, బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచుటను పేర్కొనుచున్నది. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. నీరును నీడయు జంటగా చెప్పబడినవి. మనుష్యునితోపాటు పశువును లెక్కకు వచ్చినది. గొఱ్ఱెలమందలు గల మన పల్లెలకు ఈ రెండవ సంగతి నేటికిని వర్తించును.

మన కాలమున, 1950లో కేంద్ర ఆహార, వ్యవసాయశాఖామాత్యులుగా నున్న శ్రీ కె. యం. మున్షీగారు వనమహోత్సవమును దేశమంతట ప్రారంభించిరి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము బాటల ప్రక్కలను, బహిరంగస్థలములలోను చెట్లు నాటి కాపాడు అధికారమును గ్రామపంచాయతీల కొసగినది. 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము చెట్ల నరకుటను అదుపులో నుంచుచున్నది. 2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టము పనిచోట త్రాగునీటిని, ప్రథమచికిత్స పెట్టెను, పిల్లలకును విశ్రాంతి సమయమునకును నీడను ఏర్పాటు చేయవలెనని విధించినది. శాసనములకు కొదువలేదు. కాని అనేక గ్రామములలో నాటిన మొక్కల లెక్క వ్రాయబడినది గాని, బ్రతికిన మొక్కల లెక్క వ్రాయబడలేదు.

మధ్యాహ్నము రెండు గంటలకు

పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది యేమనగా, ఎండకాలములో ఒకనాడు మధ్యాహ్నము రెండు గంటలకు చేత పుస్తకము పట్టుకొని ఊరంతయు ఒకమారు తిరుగుడు. ఎచ్చటెచ్చట జనము విధిలేక ఎండలో నిలిచియున్నారో వ్రాసికొనుడు. బస్సు ఆగుచోటు, కుళాయి, చౌకధరల దుకాణము, ఆరోగ్యకేంద్రము, పాఠశాల ఆవరణ, పశువుల నీటితొట్టి, శ్మశానము, ఉపాధిపనులు జరుగుచోటు: వీనినన్నిటిని చూడుడు. అందు ఎక్కువమంది ఎక్కువసేపు నిలుచుచోటు పంచాయతీ మొదటి పని కావలెను.

నీడ పడు తీరును గూడ ఎరుగవలెను. కడపలో ఏప్రిల్ చివరను, కర్నూలులో మే మొదటివారమునను మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు ఎంత ఎత్తయిన గోడకైనను నీడ యుండదు. తలపై కప్పుగాని, కొమ్మలు పరచిన చెట్టుగాని ఉండవలెను. పొద్దు వాలిన పిమ్మట నీడ తూర్పునకు సాగును. కనుక జనము నిలుచు చోటునకు పడమటి ప్రక్కను చెట్టు నాటినచో, మిక్కిలి వేడిగా నుండు మూడు, నాలుగు గంటల వేళ నీడ జనముమీదికి వచ్చును. తూర్పు ప్రక్కను నాటిన చెట్టునీడ ఆ వేళకు ఎవరును లేని చోట పడును.

రేకు, బండ, ఆకు

అన్ని నీడలును ఒకటి కావు. ఇనుపరేకు ఎండకు కాలి, ఆ వేడిని క్రిందనున్నవారిపైకి వెదజల్లును. మన సీమకు పేరుతెచ్చిన కడపబండ, బేతంచెర్ల బండ పగలెల్ల వేడిని పీల్చి, రాత్రి మెల్లగా వదలును. పూర్వపు మట్టిమిద్దెలు చల్లగా నుండుటకు దళసరియైన మట్టికప్పే కారణము. ఎండవేడి ఆ మట్టిని దాటి లోనికి వచ్చుటకు చాలసేపు పట్టును. పాఠశాల, అంగన్వాడీ భవనముల కప్పులకు ప్రతి వేసవికి ముందు తెల్లని సున్నము పూసినచో ఎండ చాలవరకు తిరిగి ఆకాశమునకు పోవును. ఖర్చు స్వల్పము. పొరుగునున్న తెలంగాణ రాష్ట్రము 2023లో చల్లని కప్పులకొరకు ప్రత్యేక విధానమునే ప్రకటించినది.

ఆకునీడ వీని అన్నిటికంటె మేలైనది. చెట్టు వేళ్లతో తీసికొన్న నీటిని ఆకులగుండ ఆవిరిగా వదలుచుండును గనుక ఆకు రేకువలె కాలదు. చెట్టు ఎదుగువరకు, ఉగాది నాటికే చలివేంద్రముతోపాటు తాటాకుతోగాని, ఈతాకుతోగాని చలువపందిరి వేయవలెను. పందిరి ఎత్తుగా, నాలుగు వైపుల గాలి ఆడునట్లుండవలెను. పొయ్యికిని, విద్యుత్తుతీగలకును దూరముగా నుండవలెను.

మొక్క చెట్టగు మార్గము

వేప, కానుగ, చింత, రావి, మర్రి మన నేలలకు అలవాటుపడిన చెట్లు. వేప, కానుగ బస్సు ఆగుచోట్లకు, పాఠశాలలకు తగును. మర్రి, రావి వేళ్లు గోడలను చీల్చును గనుక వానిని భవనములకు దూరముగా, చెరువుకట్ట దిగువను, సంతబయలునను నాటవలెను. ఒకే జాతిని నమ్ముకొనరాదు. 2021 ప్రాంతమున తెలుగునాట వేపచెట్లకు ఎండుతెగులు సోకి కొమ్మలు మాడిపోవుట మనమందరము చూచితిమి.

వేసవిలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంటలు త్రవ్వి ఎండనీయవలెను. తొలకరి తరువాత చెరువుమట్టియు, చివికిన పశువుల ఎరువును కలిపి గుంట నింపి, మనిషి నడుమెత్తున్న మొక్కను నాటవలెను. చుట్టును తుమ్మకంప కట్టనిచో మేకలు వారము తిరుగకముందే మొక్కను మట్టము చేయును. అడుగున చిన్న రంధ్రముచేసి వత్తి దూర్చిన పాతకుండను మొక్క ప్రక్కను పాతి నీరు నింపుచుండిన, కొద్ది నీటితోనే వేళ్లకు తేమ అందును. మొదటి మూడు వేసవులు దాటిన మొక్క నిలద్రొక్కుకొనును. కనుక వంద మొక్కలు నాటి మరచుటకంటె, పది మొక్కలు నాటి, ఒక్కొక్కదానికి ఒక్కొక్కరిని బాధ్యునిగా తీర్మానపుస్తకములో వ్రాయించుట మేలు. ప్రతి మూడు నెలలకు బ్రతికియున్న మొక్కల సంఖ్యను సమావేశములో చదివింపవలెను.

ఉన్న చెట్టును కాపాడుట మరియు ముఖ్యము. బాటను వెడల్పు చేయువేళ ఒక చింతచెట్టు పడిపోయినచో, దాని నీడ తిరిగి వచ్చుటకు ఒక తరము పట్టును. నరుకుట తప్పనిసరియా, బాటను రెండు గజములు ప్రక్కకు జరుపవచ్చునా యని పంచాయతీ ముందుగా విచారింపవలెను.

వడదెబ్బ తగిలినచో

తలనొప్పి, తల తిరుగుట, వాంతి, ఒళ్లు కాలిపోవుట, మాట తడబడుట, స్పృహ తప్పుట దీని గుర్తులు. రోగిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు తడిగుడ్డతో తుడుచుచు విసరవలెను. వెంటనే 108కి కబురు చేయవలెను. స్పృహలో నుండి మ్రింగగలిగినవారికి, ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

నీడ అందరిది

తుదకు ఒక మాట. పూర్వము కొన్ని గ్రామములలో రచ్చకట్ట చెట్టునీడ కొందరికే దక్కెడిది. తక్కినవారు దూరముగా ఎండలో నిలిచెడివారు. పంచాయతీ సొమ్ముతో పెరిగిన నీడలో అట్టి భేదము ఉండరాదు. ఊరిలోని ఏ వాడకును కుళాయి ఎట్లు కావలెనో చెట్టును అట్లే కావలెను. చెట్టును మొదట నాటవలసినది, ఇరుకిండ్లలో రేకులక్రింద కాపురముండువారి వాడలోనే.

రానున్న పంచాయతీ సమావేశపు విషయసూచికలో వీధిదీపములు, మురుగుకాలువలతోపాటు "నీడ" అను విషయమును గూడ చేర్చుడు. మధ్యాహ్నము రెండు గంటలకు మీరు వ్రాసికొన్న పుస్తకమును సభ్యుల ముందుంచి, మొదట ఏ చోటికి నీడ కల్పింపవలెనో ఆ దినముననే తీర్మానింపుడు. గుంటలు త్రవ్వుటకు వేసవియే తగిన సమయము.