వార్తల్లో పదం: తక్కువ జనన బరువు

పుట్టినప్పుడు బిడ్డ 2,500 గ్రాములకన్నా తక్కువ తూగితే దాన్ని 'తక్కువ జనన బరువు' అంటారు. నెలలు నిండకముందే పుట్టినా, నిండినా కడుపులో సరిగా ఎదగకపోయినా బరువు తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో బరువు నమోదైన పిల్లల్లో సుమారు 18 శాతం ఈ లెక్కలోకి వస్తారు.

కారణాలు చాలావరకు తల్లి ఒంట్లోనే, ఆమె కాపురంలోనే ఉంటాయి. ముఖ్యమైనది రక్తహీనత: గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. రక్తపోటు, పొగాకు నమలడం, కట్టెల పొయ్యి పొగ, రెండేళ్ల ఎడం లేని కాన్పులు కూడా బిడ్డ బరువును తగ్గించవచ్చు. చిన్న వయసులో గర్భం మరో కారణం: తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా బాల్యవివాహాల వార్తల్లో తరచూ కనిపిస్తుంది. తన ఎదుగుదలే పూర్తికాని పిల్ల కడుపులో ఇంకో ప్రాణం పెరగాలంటే ఇద్దరికీ తిండి చాలదు.

ఒక నమ్మకం గురించి గట్టిగా చెప్పాలి. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కొన్ని ఇళ్లలో పెద్దలు ప్రేమతోనే గర్భిణి కంచంలో ముద్ద తగ్గిస్తారు. అది తప్పు. రాగిసంగటి, పప్పు, మునగాకు, గుడ్డు, శెనక్కాయలు ఆమెకు ముందు పెట్టాలి. ఐరన్ మాత్రను టీతో వేసుకోకూడదు. అలా వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

గర్భం నిలిచిందని తెలియగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సాయం అర్హులైన పేద గర్భిణులకు అందుతుంది. ఆ డబ్బు ఆమె తిండికే ఖర్చు కావాలి.