ఆనేకల్ బొమ్మ గీసిందెవరు?

బెంగళూరుకు దక్షిణాన, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు ఆనేకల్. కన్నడంలో ఆ పేరుకు వడగల్లు అని అర్థం. ఇక్కడి నుంచి హోసూరు దాకా తెలుగు ఇంటిభాషగా బతుకుతున్న కుటుంబాలు లెక్కకు మిక్కిలి. రెండు వందల ఇరవై ఏళ్ళ కిందటే ఈ ఊరు లండన్‌లో అచ్చుబొమ్మగా అమ్ముడుపోయింది. గీసినవాడు జేమ్స్ హంటర్, ఇంగ్లండు రాజుగారి ఫిరంగి దళంలో లెఫ్టినెంటు, టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నవాడు. మైసూరు రాజ్యపు దృశ్యాల పేరుతో అతని నలభై చిత్రాలను రాగిరేకుల మీదికి ఎక్కించి, ఎడ్వర్డ్ ఆర్మ్ అనే ప్రచురణకర్త 1804-05లో వెలువరించాడు. హంటర్ గీతల నుంచి ఆర్మ్ అచ్చువేసిన దృశ్యాల్లో బెంగళూరు కోట, హోసూరు, శివగంగ లాంటి చోట్లతో పాటు ఆనేకల్ కూడా ఉంది. అయితే హంటర్ 1792లోనే చనిపోయాడు. తన బొమ్మలు ఈ పుస్తకంలో ఎలా తేలాయో అతను చూడనేలేదు. ఇలాంటి పాత బొమ్మను గోడకు తగిలించుకునే ముందు మనం పట్టించుకోవలసింది ఈ పన్నెండేళ్ళ ఎడాన్నే. దాన్ని ఆనాటి ఫొటో అనుకుంటే మోసపోతాం, దొరల కల్పన అని పక్కన పడేస్తే నష్టపోతాం. ముగ్గురు మనుషుల చేతులు మారి వచ్చిన వాంగ్మూలంగా దాన్ని చదవాలి.

ఆ ముగ్గురూ, అంటే గీసినవాడు, చెక్కినవాడు, ప్రచురించినవాడు, ఏం చేశారో తెలియాలంటే పని జరిగే తీరు తెలియాలి. చిత్రకారుడు కాగితం మీద నీటిరంగులతో గీస్తాడు. ఆ కాగితం ఓడెక్కి లండన్ చేరుతుంది. అక్కడ చెక్కుడు పనివాడు దాన్ని రాగిరేకు మీదికి తిప్పిరాస్తాడు. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి అద్దంలో కనిపించినట్టుగా చెక్కాలి. మామూలు పద్ధతిలో ఉలితో గీతలు చెక్కుతారు, లేదా ఆమ్లంతో తినిపిస్తారు. ఆనేకల్ బొమ్మలకు వాడిన అక్వాటింట్ పద్ధతి మరో రకం. రేకు మీద గుగ్గిలం పొడి చల్లి, వేడిచేసి అతికిస్తారు. తర్వాత ఆమ్లం పోస్తే పొడి రేణువుల మధ్య సందుల్లో మాత్రమే రాగి కరుగుతుంది. తెల్లగా ఉండాల్సిన చోట వార్నిష్ పూస్తూ, మళ్ళీమళ్ళీ ఆమ్లంలో ముంచుతూ పోతే లేత నీడ నుంచి చిక్కటి నీడ దాకా వస్తాయి. అందుకే ఈ బొమ్మలు దూరానికి నీటిరంగు చిత్రాల్లా కనిపిస్తాయి. అచ్చయ్యాక చేత్తో రంగులద్దేవారు. లండన్ గదుల్లో కూర్చుని అద్దినవాళ్ళకు ఆనేకల్ మట్టి ఏ రంగులో ఉంటుందో తెలిసే దారి లేదు. ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో ఆకాశం రెండు రంగుల్లో ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. హంటర్ గీతలను రేకుల మీదికి ఎక్కించిన వారిలో హెన్రీ మెర్కె, స్టాడ్లర్ ఉన్నారు. ఎదురుగా కాగితం తప్ప ఊరు లేనివాళ్ళు వాళ్ళు.

చేతులు మారితే బొమ్మ ఎంత మారుతుందో పసిఫిక్ యాత్రల బొమ్మలే బాగా చెబుతాయి. కెప్టెన్ కుక్ మొదటి యాత్రలో చిత్రకారుడు సిడ్నీ పార్కిన్సన్ తిరుగు ప్రయాణంలో, 1771లో, సముద్రం మీదే చనిపోయాడు. 1773లో హాక్స్‌వర్త్ ప్రచురించిన యాత్రాగ్రంథంలో బొమ్మలన్నీ ద్వీపాలను ఎన్నడూ చూడని పనివాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. రెండో యాత్రలో, అంటే 1772-75లో, చిత్రకారుడు విలియం హాడ్జెస్. అతను బతికే ఉన్నాడు, లండన్‌లోనే ఉన్నాడు. అయినా టోంగా దీవుల్లో కుక్ బృందం దిగిన దృశ్యాన్ని చెక్కుడు పనివాడు షెర్విన్ రేకుకెక్కించేసరికి, ద్వీపవాసులు గ్రీకు శిల్పాల ముఖకవళికలతో, జారే వస్త్రాలతో తయారయ్యారు. ఈ మాట అన్నది రెండు శతాబ్దాల తర్వాతి విమర్శకుడు కాదు. అదే ఓడలో ప్రయాణించి, అదే రేవులో దిగిన జార్జ్ ఫోర్‌స్టర్ 1777లో తన పుస్తకంలో ఈ తప్పును ఎత్తిచూపాడు. కళ్ళారా చూసినవాడే బొమ్మను కాదన్నాడంటే ఇంకేం కావాలి? హాడ్జెస్‌కు మన దక్షిణాదితోనూ సంబంధం ఉంది. 1780లో అతను మద్రాసులో దిగాడు. ఆ ఏడే హైదర్ అలీ సైన్యం కర్ణాటిక్ ప్రాంతం మీదికి దిగడంతో ఊరు దాటి పెద్దగా తిరగలేక, తర్వాత కలకత్తా దారి పట్టాడు. టోంగాను గీసిన చేతికి మైసూరు సీమను అందకుండా చేసింది ఆ హైదరే.

బొమ్మను ఇలా అనుమానంతో చదవడానికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. హంటర్ సైనికుడు, ఫిరంగి దళంవాడు. ఆ దళానికి అధికారులను తయారుచేసే ఉల్విచ్ పాఠశాలలో చిత్రలేఖనం ఒక పాఠ్యాంశం. అక్కడ ఏళ్ళ తరబడి గురువుగా ఉన్న పాల్ శాండ్బీయే ఇంగ్లండులో అక్వాటింట్‌కు ఆదరణ తెచ్చినవాడు. కొండ వాలు ఎంత, గోడ ఎత్తెంత అని కొలిచి గీయడం వాళ్ళ వృత్తి. అలాంటివాడి బొమ్మను ఎందుకు శంకించాలి? నిజమే, ఈ మాటను సగం ఒప్పుకోవాలి. కొండల రూపురేఖలు, కోట బురుజులు, గోపురం కొలతలు మనం ఎక్కువగా నమ్మదగ్గ భాగాలు. ఫిరంగివాడి కన్ను తప్పకుండా నిలిచేది అక్కడే. అదే బొమ్మలో ముందు వరసలో నిలబడ్డ మనుషులు, పక్కకు ఒరిగిన చెట్టు, మబ్బుల కుప్పలు ఆనాటి ఇంగ్లండు అభిరుచికి తగ్గ అలంకారాలు. కొనేవారి కోసం వాటిని ఎవరైనా, ఎక్కడైనా చేర్చవచ్చు. ఏ భాగం ఎవరిదో వేరుచేసి చూడటమే చదవడం.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. గెలిచినవాడు గీసుకున్న బొమ్మ మనకెందుకు? ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ సేన 1791 మార్చిలో బెంగళూరు కోట పట్టుకుంది. 1799 మేలో టిప్పు నేలకొరిగాడు. ఆ వార్తలతో లండన్‌లో మైసూరు బొమ్మలకు గిరాకీ పెరిగింది. సేన వెంట నడిచిన చిత్రకారుడు రాబర్ట్ హోమ్ పుస్తకం 1794లోనే వచ్చింది. చనిపోయినవాడి కాగితాలను ఆర్మ్ వెలికితీసింది ఆ సంతలో అమ్మడానికే. ఇదంతా నిజమే, దాచవలసిన పనీ లేదు. కానీ ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడైంది 1839లో. అంతకు ముందు ఒక చిన్న ఊరి వీధి, కొండ, గుడి కంటికి కనబడాలంటే ఎవరో ఒకరి చెయ్యి గీసి ఉండాలి. శత్రువు సాక్ష్యాన్ని కూడా ఎదురు ప్రశ్నలు వేసి విన్నాకే కదా న్యాయస్థానం తీర్పు చెప్పేది. ఊరి చరిత్రకూ అదే పద్ధతి వర్తిస్తుంది.

ఆ ఎదురు ప్రశ్నలకు జవాబు బొమ్మ అడుగునే ఉంటుంది. 1735లో ఇంగ్లండు చేసిన చట్టం ప్రకారం అచ్చు హక్కు దక్కాలంటే రేకు మీదే హక్కుదారు పేరు, ప్రచురణ తేదీ చెక్కాలి. దానివల్ల ఎడమ మూల గీసినవాడి పేరు, కుడి మూల చెక్కినవాడి పేరు, నడుమ ప్రచురణకర్త పేరు, తేదీ సన్నని అక్షరాల్లో ఉంటాయి. నకిలీని పట్టుకోవడానికీ చుట్టూ నొక్కుడు గుర్తు ఉందో లేదో చూస్తారు. రేకును బలంగా అదిమినప్పుడు కాగితం మీద పడే అంచు అది. పాత పుస్తకాలను విప్పి బొమ్మలను విడివిడిగా అమ్మే వ్యాపారంలో పక్క పేజీల వివరణ పోతుంది. ఫ్రేములో ఇమడలేదని అడుగు అంచు కత్తిరించేస్తే ఆ ముగ్గురి పేర్లూ పోతాయి. అప్పుడు మిగిలేది ఒక అందమైన అనాథ కాగితం.

ఆనేకల్ బడిలోనో గ్రంథాలయంలోనో ఈ బొమ్మ ప్రతిని పెట్టదలచినవారు ఆ అడుగు అంచును కత్తిరించకండి. పక్కన కన్నడంలోనూ తెలుగులోనూ నాలుగు వాక్యాలు రాసి పెట్టండి: గీసింది హంటర్, అతను 1792లో పోయాడు, రేకు చెక్కింది లండన్‌లో, అచ్చయింది పన్నెండేళ్ళ తర్వాత.