గోబ్లిన్ లోయ

అమెరికాలోని యూటా రాష్ట్రమున గోబ్లిన్ లోయ యను నెడారి ప్రదేశము కలదు. గోబ్లిన్ అనగా మరుగుజ్జు భూతము. పడకలును వంటపొయ్యియు నమర్చిన మోటారుబండిలో మేము పిల్లలతో నచ్చటికి బోయితిమి. తొట్టిలోని నీరు మితము గనుక గిన్నెలు కడుగుటకును లెక్కజూచుకొనవలసి వచ్చెను!

లోయలో వేలకొలది యెఱ్ఱని రాళ్లు పుట్టగొడుగులవలె నిలిచియున్నవి. కొన్ని బిడ్డ నెత్తుకొన్న తల్లులవలె మాకు దోచినవి. సుమారు 17 కోట్ల సంవత్సరముల క్రిందట నిచ్చట సముద్రతీర ముండెను. ఆటుపోటులు తెచ్చిన యిసుకయు నొండ్రును పొరలు పొరలుగా పేరుకొని రాయియైనవి. మెత్తని క్రిందిపొరను వానయు గాలియు త్వరగా నరుగదీయగా, గట్టి పైపొర తలవలె మిగిలినది. అందుచే మెడలు మిక్కిలి సన్నము. రాళ్లనడుమ దాగుడుమూత లాడబోవు పిల్లలకు, వానిని త్రోయరాదని మరిమరి చెప్పితిమి.

చెప్పుటకు కారణము కలదు. 1964లోనే యిది ప్రభుత్వ రక్షణలోనికి వచ్చినను, 2013లో బాలురను విహారమునకు దెచ్చిన పెద్దలలో నొకరు ఒక రాతితలను త్రోసి పడగొట్ట, నింకొకరు నవ్వుచు చలనచిత్రము దీసిరి. అది పిల్లలపై బడునేమో యని త్రోసితిమని వారి సమాధానము. ఆ నవ్వునకు మాత్రము సమాధానము లేదు. 2014లో న్యాయస్థానమున నేర మొప్పుకొనగా వారికి జుల్మానా విధింపబడెను.