మనీ ప్లాంట్ తమలపాకు కాదు

ఇడపనూరులో మీ గుమ్మం పక్కన సీసాలోనో కుండీలోనో మనీ ప్లాంట్ ఉందా? దాని ఆకు చూడటానికి తమలపాకులా, అంటే యునానీలో 'తంబోల్'లా ఉంటుంది. ఆ పోలికతోనే చిక్కు. తమలపాకుది మిరియాల కుటుంబం. మనీ ప్లాంట్‌ది చేమ, కందల కుటుంబం.

దీని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా దీవి. తేమ, నీడ ఉన్న అడవిలో వేళ్లతో చెట్టును కరచుకొని 20 మీటర్ల వరకు పాకుతుంది. మన ఇళ్లలో అరచేయంత ఉండే ఆకు అక్కడ మీటరు పొడవు దాకా పెరిగి చీలుతుంది. పూత చాలా అరుదు; తీగ ముక్క నాటితే చాలు, బతుకుతుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ కాసే మన ఎండకు మాత్రం దానికి నీడ కావాలి.

పచ్చి చేమను దురద పెట్టించే కాల్షియం ఆక్సలేట్ సూదులే ఇందులోనూ ఉన్నాయి. పిల్లలు నమిలితే నోరు మండుతుంది, నాలుక, పెదవులు వాస్తాయి. వెంటనే నోరు కడిగించి, కొద్దిగా చల్లని నీళ్లో పాలో పట్టండి. వాంతి చేయించకండి. మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికి పరుగెత్తండి.

తమలపాకును నలిపితే ఘాటు వాసన వస్తుంది; దీనికి ఆ ఘాటు ఉండదు. రెండు తీగలనూ ఒకేచోట పెంచకండి. దగ్గుకు తమలపాకు కావాలంటే పిల్లలను పంపక, పెద్దవాళ్లే చూసి కోయండి. మనీ ప్లాంట్‌ను పసిపిల్లలకు, మేకలకు అందనంత ఎత్తులో ఉంచండి.