ఒక్క మనిషి – ఒక్క తెరచాప

తెరచాప పడవల పందెము చిరకాలము సంపన్నుల వినోదముగానే ఉండెను. పడవ పెద్దదైనకొలది కట్టుటకు ధనము, నిలుపుటకు రేవు, నడపుటకు పరిజనము కావలెను. అట్టి పందెములో గెలిచినది నావికుని నేర్పో, యజమాని ధనమో తేల్చి చెప్పుట కష్టము. ఈ చిక్కును విప్పుటకు పుట్టిన చిన్న పడవలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది 'లేజర్'. ఒక వస్తువును తీర్చిదిద్దుటలో చేర్చుటకన్న విడుచుటయే కష్టమైన విద్య యని దాని నిర్మాణము తెలుపును.

1969లో కెనడా దేశమున, పారిశ్రామిక వస్తువులకు రూపకల్పన చేయు ఇయాన్ బ్రూస్ తన మిత్రుడు బ్రూస్ కిర్బీకి ఫోను చేసెను. విహారయాత్రల సామగ్రిలో చేర్చుటకై, కారు కప్పుపై పెట్టి తీసుకొనిపోదగిన చిన్న పడవ యొకటి కావలెనని అడిగెను. కిర్బీ వృత్తిచేత పత్రికా రచయిత. కెనడా పక్షమున ఒలింపిక్ పడవ పందెములలో పాల్గొన్నవాడు. సంభాషణ ముగియకముందే అతడు చేతికందిన కాగితముపై పడవ రూపము గీచెను. ఆ సామగ్రిని తలపెట్టిన వ్యాపారసంస్థ పడవను విడిచిపెట్టినను, ఆ చిత్రము వ్యర్థము కాలేదు. 1970లో తొలి పడవ తయారై, వెయ్యి డాలర్లలోపు వెలగల పడవలకు అమెరికాలో జరిగిన పోటీకి వెళ్లెను. డెన్మార్కులో పుట్టి కెనడాలో స్థిరపడిన హాన్స్ ఫోగ్ దానికి తెరచాప కుట్టెను. మొదట రెండవ స్థానము వచ్చినది. తెరచాపను రాత్రికి రాత్రి సవరింపగా, మరునాడు పడవ గెలిచెను.

కారు కప్పుపైకి ఎత్తవలెనన్న ఒక్క నియమమే తక్కిన కొలతలన్నిటిని శాసించినది. పడవ దేహము ఇద్దరు మనుష్యులు ఎత్తగలిగిన సుమారు 59 కిలోల బరువు. పొడవు సుమారు 4.2 మీటర్లు. అది చెక్కతో కాక ఫైబర్ గ్లాసుతో తయారైనది. తెరచాప కొయ్య రెండు ముక్కలు. ఒకదానిలో ఒకటి దూర్చి, దిండుకు గలీబు తొడిగినట్లు తెరచాపను వానికి తొడుగుదురు. పెద్ద పడవలలో కొయ్యను నిలబెట్టుటకు లాగి కట్టు ఉక్కుతీగెలు ఇందు లేవు. కొలది నిమిషములలో పడవ సిద్ధమగును. అంత త్వరగానే విప్పుకొని ఇంటికి పోవచ్చును.

బరువు తగ్గించినచో గాలి తాకిడికి పడవ బోల్తాపడదా? పెద్ద పడవలకు అడుగున సీసమో, ఇనుమో ఉండును. ఇచ్చట నావికుని దేహమే ఆ బరువు. అతడు పాదములను పట్టీ క్రింద ఇరికించి, గాలి వచ్చు వైపున వీపును నీటిమీదికి వాల్చి, త్రాసును సరిచేసినట్లు పడవను నిలుపును. నడుమ నీటిలోనికి దించిన పలక పడవను ప్రక్కకు జారనీయదు. గాలి ఒక ప్రక్కనుండి, నీరు మరియొక ప్రక్కనుండి ఒత్తగా, తడిసిన చింతగింజ వ్రేళ్ల నడుమనుండి చిమ్మినట్లు పడవ ముందుకు సాగును. గాలి వెనుకనుండి బలముగా వీచినపుడు తేలికయైన దేహము నీటిని చీల్చుట మాని, దానిపైకి లేచి జారుచు పరుగిడును.

పందెములో పడవలన్నియు ఒకే అచ్చునకు చెందినవి. తెరచాపను, కొయ్యను తమకు తోచినట్లు మార్చుకొనరాదు. కాని పడవ ఒక్కటే అయినంత మాత్రమున అందరు సమానులగుదురా? సుమారు 7 చదరపు మీటర్ల తెరచాపను పెనుగాలిలో నిలుపుటకు 80 కిలోల దేహము ఉండిన మేలు. బాలురకు, పలువురు స్త్రీలకు అది భారము. అందుచేత పడవను మార్చక, చిన్న తెరచాపలు రెండు కల్పించిరి. ఒకటి 'రేడియల్'; రెండవది 4.7 చదరపు మీటర్లది. 1996లో లేజర్ ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించెను. 2008లో స్త్రీలకు రేడియల్ పందెము ఏర్పడెను. అందరికి ఒకే కొలత చొక్కా కుట్టించుట సమానత్వము కాదని ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

పడవలన్నియు ఒకే రీతిగా ఉండవలెనన్నచో ఆ అచ్చు ఎవరి చేతిలో ఉండవలెను? అనుమతి పొందిన నిర్మాతలే కట్టవలెనను కట్టుబాటు పందెమునకు న్యాయము చేకూర్చినది. హక్కులపై తగవులకు దారితీసినది. తుదకు 2019లో పందెముల సంఘము పడవకు 'ఐ.ఎల్.సి.ఎ.' అను కొత్త పేరు పెట్టెను. పేరు మారినను రూపము మారలేదు. 2021లో కిర్బీ మరణించునాటికి అట్టి పడవలు రెండు లక్షలకు పైగా తయారైనవి.

ఆ ఏటనే టోక్యోలోను, 2024లో పారిస్‌లోను విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ ఈ పడవలపైననే భారతదేశము పక్షమున పోటీపడిరి. హైదరాబాదు హుస్సేన్‌సాగరములో వర్షాకాలమున జరుగు పందెములలోను ఇవి కానవచ్చును. ట్యాంకుబండుపై నిలిచి చూచు విద్యార్థి తెల్లని తెరచాపల అందముతో తృప్తిపడక, నావికుని వంగిన వీపును గమనింపవలెను. నిర్మాత పడవనుండి తీసివేసిన సీసపు బరువును ఆ వీపే మోయుచున్నది.